14,000 పౌండ్ల బ్రిన్ జోన్స్: ఒక కెరీర్‌లోంచి యుద్ధం తీసుకెళ్లింది ఎంత?

బ్రిటిష్ ఫుట్‌బాల్‌లో దండగ ఖర్చు అనిపించుకున్న కొనుగోళ్ల జాబితా ఎవరు వేసినా, అందులో బ్రిన్ జోన్స్ పేరు ఎక్కడో ఒకచోట వస్తుంది. 1938 ఆగస్టులో ఆర్సెనల్ క్లబ్ ఈ వేల్స్ ఆటగాడిని 14,000 పౌండ్లు పెట్టి కొనుక్కుంది. అప్పటిదాకా బ్రిటన్‌లో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. ఆర్సెనల్ తరఫున అతను ఆడిన లీగ్ మ్యాచ్‌లు 71, కొట్టిన గోల్స్ 7. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెడితే ఇక వేరే తీర్పు అక్కర్లేదనిపిస్తుంది.

కానీ ఆ 71 మ్యాచ్‌లలో 30 ఒకే సీజన్‌వి. మిగతా 41 ఏడేళ్ల విరామం తర్వాత, ముప్ఫై నాలుగు దాటిన మనిషి ఆడినవి. మధ్యలో ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం.

ఇక్కడ కథ రెండు దారుల్లో నడుస్తుంది. అంత డబ్బుకి తగిన ఆటగాడు కాదని కొందరంటారు. పాపం, యుద్ధం ముంచేసిందని ఇంకొందరు. రెండూ తేలిగ్గా అనేసే మాటలే. జోన్స్ విషయంలో ధర, ఆట, యుద్ధం ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. యుద్ధం రాకముందే ఒక ముడి పడింది. దాన్ని విప్పుకునే వ్యవధి యుద్ధం ఇవ్వలేదు. అతను విఫలమయ్యాడని గానీ, నిలదొక్కుకునేవాడని గానీ తేల్చడానికి కావాల్సిన సీజన్లు అసలు జరగనే లేదన్నది నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

గని నుంచి మైదానానికి

బ్రిన్‌మోర్ జోన్స్ 1912 ఫిబ్రవరి 14న దక్షిణ వేల్స్‌లోని మెర్థర్ టిడ్‌విల్‌లో, పెన్యార్డ్ అనే పేటలో పుట్టాడు. ఒకప్పుడు ఇనుముకి లోకమంతా పేరు పొందిన ఊరది. జోన్స్ యువకుడయ్యేసరికి ఆ వైభవం కరిగిపోయింది. 1930లో డౌలెయిస్ ఉక్కు కర్మాగారం మూతపడింది. అదే ఏడాది ఊరి జట్టు మెర్థర్ టౌన్‌ని ఫుట్‌బాల్ లీగ్ నుంచి ఓటేసి బయటికి పంపేశారు. 1936 నవంబరులో రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ డౌలెయిస్‌కి వచ్చి, ఆ పాడుబడిన షెడ్లని చూసి, వీళ్లకి పని దొరికేలా ఏదో ఒకటి చెయ్యాలన్నాడు. ఆ మాట దేశమంతా మారుమోగింది. మరుసటి నెలలో ఆయనే గద్దె దిగిపోయాడు.

అలాంటి ఊళ్లో కుర్రాళ్లకి ఉన్న దారులు రెండు: బొగ్గు గని, లేదా బంతి. జోన్స్ ఇంట్లో రెండోదానికి కొదవ లేదు. అన్నదమ్ముల్లో ఎక్కువమంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లోకి వెళ్లారు. అన్న ఐవర్ అయితే వేల్స్ జాతీయ జట్టుకే ఆడాడు. బ్రిన్ మాత్రం ముందు గనిలోకే దిగాడు. సౌత్‌ఎండ్ క్లబ్‌లో ట్రయల్‌కి వెళ్తే తీసుకోలేదు. ఉత్తర ఐర్లాండ్‌లో గ్లెనావన్‌కి ఆడాడు, తిరిగొచ్చి అబెరామన్‌కి ఆడాడు. 1933లో వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్, అంటే వోల్వ్స్, 1,500 పౌండ్లిచ్చి తీసుకున్నాక అతని దశ తిరిగింది.

వోల్వ్స్ మేనేజర్ మేజర్ ఫ్రాంక్ బక్లీ. ఆ 'మేజర్' ముద్దుపేరు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 డిసెంబరులో ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసమే పెట్టిన 17వ మిడిల్‌సెక్స్ బెటాలియన్‌లో అందరికంటే ముందు పేరిచ్చిన ఆటగాడాయన. కుర్రాళ్లని వెతికి పట్టుకొచ్చి, తీర్చిదిద్ది, మంచి ధరకి అమ్మడంలో దిట్ట. ఆయన చేతికింద జోన్స్ 163 లీగ్ మ్యాచ్‌లు ఆడి 52 గోల్స్ కొట్టాడు. మూడు మ్యాచ్‌లకొక గోల్ చొప్పున. మనిషి పొట్టి, బంతి మీద పట్టు గట్టిది, ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించే పాదాలు. ఆడే స్థానం ఇన్‌సైడ్ లెఫ్ట్: ఎడమ అంచున ఆడే వింగర్‌కీ, గోల్ ముందుండే సెంటర్ ఫార్వర్డ్‌కీ మధ్య ఉండి, దాడికి బంతి అందిస్తూ తనూ గోల్‌వైపు దూసుకెళ్లే పాత్ర.

1937-38 సీజన్ ఆఖరి రోజుకి వోల్వ్స్ లీగ్ టైటిల్‌కి ఒక్క గెలుపు దూరంలో ఉంది. సండర్లాండ్‌లో 1-0తో ఓడిపోయింది. అదే రోజు ఆర్సెనల్ బోల్టన్‌ని 5-0తో చిత్తుచేసి ఒకే ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్ అయింది. మూడు నెలలు తిరగకుండానే, తమ టైటిల్‌ని దాదాపు లాగేసుకున్న జట్టులోని ముఖ్యమైన ఆటగాణ్ణి ఆర్సెనల్ కొనేసింది. వోల్వ్స్ అభిమానులు భగ్గుమన్నారు.

ధర అనే బరువు

14,000 పౌండ్లంటే ఎంతో తెలియాలంటే అప్పటి జీతాల సంగతి చూడాలి. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆటగాడికి గరిష్ఠ జీతం అని ఒక పరిమితి ఉండేది: సీజన్‌లో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6. ఎంత గొప్ప ఆటగాడైనా ఏడాదంతా కలిపి 386 పౌండ్లకి మించి జీతం రాదు. ఆ లెక్కన జోన్స్ ధర అతని ముప్ఫై ఆరేళ్ల పూర్తి జీతంతో సమానం. ఆ డబ్బు ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కి వెళ్లింది. ఆటగాడికి సంతకం చేసినందుకు ఇవ్వగలిగింది 10 పౌండ్లు, అంతే.

అంటే 14,000 అనే అంకె అతను అడిగిందీ కాదు, అతని జేబులోకి వచ్చిందీ కాదు. అయినా జీవితాంతం అతని పేరు పక్కనే నిలిచింది. పార్లమెంటులో దాని మీద ప్రశ్నలు లేచాయి. నిరుద్యోగంతో నకనకలాడుతున్న దేశంలో ఒక మనిషి కోసం అంత సొమ్మా అని. ఆ మనిషి వచ్చింది దేశంలో నిరుద్యోగం అతి తీవ్రంగా ఉన్న ఊళ్లలో ఒకదాన్నుంచి అన్నది ఎవరికీ పట్టినట్టు లేదు.

ఆర్సెనల్ మేనేజర్ జార్జ్ అలిసన్‌కి తన తొందర తనకుంది. 1930లలో ఆ క్లబ్ గెలిచిన టైటిళ్లకి మెదడులా పనిచేసిన స్కాట్లండ్ ఆటగాడు అలెక్స్ జేమ్స్ 1937లో ఆట మానేశాడు. జేమ్స్ కూడా పొట్టివాడే, ఇన్‌సైడ్ లెఫ్టే. ఆ ఖాళీని జోన్స్‌తో నింపాలనుకున్నారు. కానీ ఇద్దరి ఆటా ఒకటి కాదు. జేమ్స్ వెనక్కి దిగి ఉండి, డిఫెన్స్ నుంచి బంతి అందుకుని, పొడవాటి పాస్‌లతో దాడిని నడిపించేవాడు. గోల్స్ కొట్టే పని చాలావరకు ఇతరులకి వదిలేశాడు. జోన్స్ వోల్వ్స్‌లో గోల్‌కి దగ్గరగా ఉంటూ ఆడిన మనిషి. అతన్ని అలవాటు లేని పనికి పెట్టి, పాత పని తాలూకు లెక్కతో కొలిచారు.

మొదలు బాగానే మొదలైంది. పోర్ట్‌స్మత్ మీద తొలి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. ఆ తర్వాత గోల్స్ ఎండిపోయాయి. సీజన్ మొత్తానికి 30 మ్యాచ్‌లలో నాలుగే. బంతి తప్పినప్పుడల్లా స్టాండ్స్‌లో ఎవరో ఒకరు ధర గుర్తుచేసేవారు. స్వతహాగా మితభాషి, నలుగురి కళ్లూ తనమీద పడటం ఇష్టపడని రకం. ఆ టెన్షన్ ఆటలో కనిపించింది. ఒత్తిడి తగ్గుతుందని రిజర్వ్ జట్టుకి ఆడితే, 14,000 పౌండ్ల మనిషిని చూద్దామని అక్కడికీ వేలల్లో జనం వచ్చారు. ఆర్సెనల్ అయిదో స్థానంతో సరిపెట్టుకుంది. జోన్స్‌ని అమ్ముకున్న వోల్వ్స్ మళ్లీ రెండో స్థానంలో నిలిచి, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్.ఎ. కప్‌లో ఫైనల్ దాకా కూడా వెళ్లింది, పోర్ట్‌స్మత్ చేతిలో 4-1తో ఓడిందనుకోండి.

ఇదంతా యుద్ధానికి ముందు సంగతి. కాబట్టి యుద్ధమే అన్నీ పాడుచేసిందనే వాదన ఇక్కడ నిలవదు. ఆ మొదటి సీజన్ బాగోలేదు, ఒప్పుకోవాల్సిందే.

అయితే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1929లో ప్రెస్టన్ నుంచి 8,750 పౌండ్లకి వచ్చిన అలెక్స్ జేమ్స్ కూడా ఆర్సెనల్‌లో మొదటి నెలలు తడబడ్డాడు. జనం పెదవి విరిచారు. సీజన్ చివర్లో 1930 ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో గోల్ కొట్టాడు, ఆ తర్వాత ఏడేళ్లు ఆ జట్టుని నడిపించాడు. కుదురుకోవడానికి జేమ్స్‌కి వ్యవధి దొరికింది. జోన్స్ రెండో సీజన్ మొదలుపెట్టాడు, మూడు మ్యాచ్‌లయ్యాయి.

చెరిపేసిన మూడు మ్యాచ్‌లు

1939 ఆగస్టు 26న కొత్త సీజన్ మొదలైంది. యాదృచ్ఛికంగా ఆర్సెనల్ మొదటి మ్యాచ్ వోల్వ్స్ మైదానం మోలినోలోనే, 2-2. తర్వాత బ్లాక్‌బర్న్ మీద 1-0. సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద పడింది. అయినా 2వ తేదీ శనివారం మ్యాచ్‌లు జరిగాయి, ఆర్సెనల్ సండర్లాండ్‌ని 5-2తో ఓడించింది. ఆర్సెనల్ సెంటర్ ఫార్వర్డ్ టెడ్ డ్రేక్ ఒక్కడే నాలుగు కొట్టాడు. మర్నాడు ఆదివారం పొద్దున బ్రిటన్ యుద్ధం ప్రకటించింది.

ఫుట్‌బాల్ లీగ్ ఆగిపోయింది. అప్పటికి ఆడిన మ్యాచ్‌లని పుస్తకాల్లోంచి కొట్టేశారు. పట్టికలో మొదటి స్థానంలో ఉన్న బ్లాక్‌పూల్‌కి ఆ గౌరవం దక్కలేదు, డ్రేక్ నాలుగు గోల్స్ అధికారికంగా లేనట్టే. ఆటగాళ్ల కాంట్రాక్టులు రద్దయ్యాయి, జీతాలు ఆగాయి. యుద్ధం ప్రకటించిన రోజే పార్లమెంటు చేసిన చట్టం 18 నుంచి 41 ఏళ్లలోపు మగవాళ్లందరినీ సైనిక సేవకి బాధ్యుల్ని చేసింది. జోన్స్‌కి అప్పుడు 27 ఏళ్లు.

చాలామంది ఇక్కడే పొరపడతారు. యుద్ధమంటే ఆట పూర్తిగా ఆగిపోయిందనుకుంటారు. ఆగలేదు. కొన్ని వారాల్లోనే ప్రాంతీయ పోటీలు మొదలయ్యాయి. ప్రయాణాలు తగ్గించాలి కాబట్టి దగ్గర క్లబ్‌లతోనే మ్యాచ్‌లు, బాంబుల భయంతో ప్రేక్షకుల సంఖ్య మీద ఆంక్షలు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914-15 సీజన్‌ని చివరిదాకా ఆడించినందుకు, కుర్రాళ్లు కందకాల్లో చస్తుంటే మీకు ఆటలా అని ఫుట్‌బాల్‌ని నానా మాటలూ అన్నారు. ఈసారి ప్రభుత్వమే జనం మనసు నిలబెట్టడానికి ఆట పనికొస్తుందనుకుంది. ఆర్సెనల్ స్టేడియం హైబరీని వైమానిక దాడుల రక్షణ దళానికి అప్పగించారు. ఆర్సెనల్ తన సొంత మ్యాచ్‌లని బద్ధశత్రువు టాటెన్‌హామ్ మైదానంలో ఆడుకుంది. యుద్ధం లేకపోతే ఇది కలలో కూడా జరగదు.

ఆటగాడికి మ్యాచ్‌కి 30 షిల్లింగులు, అంటే ఒకటిన్నర పౌండ్. ఎనిమిది పౌండ్ల వారానికి బదులు ఇది, అదీ ఆడితేనే. కానీ ఆటగాడి రిజిస్ట్రేషన్, అంటే అతను ఎవరికి ఆడాలో తేల్చే హక్కు, మాత్రం పాత క్లబ్ గుప్పిట్లోనే ఉంది. జీతం ఇవ్వదు, వదిలిపెట్టదు. సైనిక శిబిరం ఎక్కడుంటే అక్కడి క్లబ్‌కి 'గెస్ట్'గా ఆడుకోవచ్చు, యుద్ధం అయ్యాక మాత్రం యజమాని క్లబ్‌కే తిరిగి రావాలి. పెద్ద సైనిక కేంద్రం పక్కనున్న ఆల్డర్‌షాట్ అనే చిన్న క్లబ్‌కి ఈ పద్ధతి వల్ల అదృష్టం పట్టింది: ఇంగ్లండ్ జట్టు మధ్య వరసలో (హాఫ్‌బ్యాక్) ఆడే క్లిఫ్ బ్రిటన్, స్టాన్ కల్లిస్, జో మెర్సర్ ముగ్గురూ దానికి ఆడారు.

లెక్కకు రాని గోల్

జాతీయ జట్లు కూడా ఆడాయి. ఇంగ్లండ్, వేల్స్ యుద్ధకాలంలో పదిసార్లకి పైగా తలపడ్డాయి. అందులో ఒకటి 1940 ఏప్రిల్ 13న వెంబ్లీలో జరిగింది. ఆ స్టేడియంలో వేల్స్‌కి అదే మొదటి మ్యాచ్. వేల్స్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ కొట్టింది బ్రిన్ జోన్స్.

మామూలు రోజుల్లో అయితే వేల్స్‌లో తరతరాలు చెప్పుకునే గోల్ అది. కానీ యుద్ధకాలపు మ్యాచ్‌లకి క్యాప్‌లు (జాతీయ జట్టుకి ఆడినట్టు ఇచ్చే అధికారిక గుర్తింపు) ఇవ్వలేదు, వాటిని అధికారిక అంతర్జాతీయ మ్యాచ్‌లుగా లెక్కించలేదు. జోన్స్ రికార్డు 1935 నుంచి 1948 వరకు 17 క్యాప్‌లు, 6 గోల్స్ అని చూపిస్తుంది. వెంబ్లీ గోల్ అందులో లేదు. అప్పట్లో వేల్స్‌కి ఏడాదికి సాధారణంగా మూడే అధికారిక మ్యాచ్‌లు. అలాంటివి ఏడు సీజన్లు పోయాయి. ఇరవై ఏడేళ్లవాడికి అది ఎంత నష్టమో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

రికార్డులు రాసేవాళ్లని తప్పుపట్టడానికీ లేదు. ఆ మ్యాచ్‌ల తీరు అలాంటిది. 1943 సెప్టెంబరులో వెంబ్లీలో వేల్స్ ఆటగాడు ఐవర్ పవెల్‌కి దెబ్బ తగిలితే, బదులు దింపడానికి వేల్స్ దగ్గర మనిషి లేడు. ఇంగ్లండ్ రిజర్వ్‌లో కూర్చున్న స్టాన్ మార్టెన్‌సన్ వేల్స్ చొక్కా తొడుక్కుని సొంత దేశం మీద ఆడాడు. వేల్స్ 8-3తో ఓడింది. ఇలాంటి మ్యాచ్‌కి క్యాప్ ఎలా ఇస్తారు? మార్టెన్‌సన్‌కి ఏ దేశం ఇవ్వాలి?

మనకి క్రికెట్ లెక్కలు బాగా అలవాటు కాబట్టి ఒక మాట. భారత జట్టు 1936 తర్వాత మళ్లీ టెస్టు ఆడింది 1946లోనే. కానీ ఆ మధ్యకాలంలో రంజీ ట్రోఫీ ఆగలేదు, ఆ పరుగులన్నీ ఫస్ట్‌క్లాస్ రికార్డుల్లో ఉన్నాయి. మన సి.కె. నాయుడు యాభయ్యేళ్ల వయసులో 1945-46 సీజన్‌లో హోల్కర్ జట్టుకి కొట్టిన డబుల్ సెంచరీని ఈరోజుకీ చూసుకోవచ్చు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఆ ఏడేళ్లూ లీగ్ పట్టికలో గీత కింద గీత, అంతే. అందుకే జోన్స్ కెరీర్‌ని అంకెల్లో చూసేవాడికి, అతను ఆ కాలంలో బంతే ముట్టుకోలేదనిపిస్తుంది.

యుద్ధం అందరికీ ఒకటి కాదు

జోన్స్ రాయల్ ఆర్టిలరీలో చేరాడు. మొదట్లో బ్రిటన్‌లో ఉన్నంతకాలం వీలున్నప్పుడు ఆర్సెనల్‌కి, వేల్స్‌కి ఆడాడు. తర్వాత ఉత్తర ఆఫ్రికాకి, అక్కణ్ణుంచి ఇటలీకి పంపారు. దీన్ని కాస్త ఆగి చూడాలి. 'యుద్ధం దెబ్బకొట్టింది' అనే ఒకే మాట కింద చాలా రకాల జీవితాలు దాగున్నాయి.

పేరున్న ఆటగాళ్లలో చాలామంది సైన్యంలో, వాయుసేనలో వ్యాయామ శిక్షకులుగా కుదిరారు. ఇంగ్లండ్‌లోనే ఉండి, శనివారాలు ఏదో ఒక క్లబ్‌కి ఆడుతూ, ఒంట్లో ఆట పోకుండా చూసుకున్నారు. ఇంగ్లండ్ వింగర్ స్టాన్లీ మాథ్యూస్ బ్లాక్‌పూల్‌లో వాయుసేన శిబిరంలో ఉంటూ అక్కడి క్లబ్‌కే గెస్ట్‌గా ఆడాడు. విదేశీ రంగాలకి వెళ్లినవాళ్లకి ఆ అవకాశం లేదు. ఇద్దరి రికార్డు పుస్తకంలోనూ అదే ఏడేళ్ల ఖాళీ కనిపిస్తుంది, కాళ్లలో మాత్రం తేడా ఉంటుంది.

ఇంకా దారుణమైన అనుభవాలున్నాయి. బోల్టన్ జట్టు ఆటగాళ్లు కలిసి ఫిరంగి దళంలో చేరారు. వాళ్ల కెప్టెన్ హ్యారీ గాస్లిన్ 1943 డిసెంబరులో ఇటలీలో చనిపోయాడు. వేల్స్ నుంచి వెళ్లిన 77వ విమాన విధ్వంసక ఫిరంగి రెజిమెంట్‌లో కార్డిఫ్ సిటీ ఆటగాళ్లు కొందరున్నారు. 1927లో కార్డిఫ్ ఎఫ్.ఎ. కప్ గెలిచిన జట్టులో ఆడిన ఎర్నీ కర్టిస్ వాళ్లలో ఒకడు. రగ్బీలో వేల్స్‌కి పెద్ద పేరు తెచ్చిన విల్ఫ్ వూలర్ కూడా అదే రెజిమెంట్. 1942లో జావాలో వాళ్లంతా జపాన్ సైన్యానికి బందీలుగా చిక్కారు.

ఆ బందీల్లో బిల్లీ జేమ్స్ అనే కార్డిఫ్ కుర్రాడున్నాడు, 1921లో పుట్టాడు. 1941లో ఇరవై ఏళ్లకి అటూ ఇటూగా ఉన్నప్పుడే ఇంగ్లండ్ మీద వేల్స్ యుద్ధకాలపు జట్టుకి ఆడిన సెంటర్ ఫార్వర్డ్. మూడున్నరేళ్లు నిర్బంధ శిబిరాల్లో తిండి లేక అతని కంటిచూపు దెబ్బతింది. 1946లో తిరిగొచ్చి కార్డిఫ్‌కి కొద్ది మ్యాచ్‌లు ఆడాడు, బంతి సరిగా కనిపించక మానేయాల్సి వచ్చింది. 'యుద్ధం వల్ల ఆగిపోయిన కెరీర్' అన్న మాటకి అసలు ఉదాహరణ బిల్లీ జేమ్స్. అతనిది మొదలవకుండానే ముగిసింది, దాంట్లో వాదించడానికేమీ లేదు. జోన్స్‌ది అంత స్పష్టమైన కేసు కాదు. అందుకే దాన్ని విప్పిచూడాల్సి వస్తోంది.

ఎంత కాలం పోయిందన్నది అందరూ అడుగుతారు. ఏ వయసులో పోయిందన్నది అంతకన్నా ముఖ్యం. వేల్స్‌కే చెందిన బిల్లీ మెరెడిత్‌ని చూడండి. 1874లో పుట్టిన ఈ వింగర్‌కి మొదటి ప్రపంచ యుద్ధంలో లీగ్ ఆగేసరికే నలభై నిండాయి. అప్పటికే కెరీర్‌లో సాధించాల్సింది చాలావరకు సాధించేశాడు. యుద్ధం అయ్యాక నలభై అయిదేళ్లకి 1920లో ఇంగ్లండ్‌ని వాళ్ల గడ్డమీదే 2-1తో ఓడించిన వేల్స్ జట్టులో ఆడాడు. నలభై తొమ్మిదో ఏట ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్లో కూడా దిగాడు. అలాంటివాళ్లు వేరే మట్టితో పుడతారనుకోండి, వాళ్లతో పోలిక పెట్టకూడదు.

రెండో చివర జిమ్మీ లోగీ. ఆర్సెనల్ 1939 వేసవిలో, జోన్స్ ఇంకా కుదురుకోకముందే, స్కాట్లండ్ నుంచి తీసుకొచ్చిన కుర్రాడు. 1919లో పుట్టాడు. యుద్ధమంతా నౌకాదళంలో గడిపాడు. అతనూ దాదాపు అన్నే ఏళ్లు పోగొట్టుకున్నాడు, కానీ తిరిగొచ్చేసరికి ఇరవై ఆరు. అలెక్స్ జేమ్స్ వారసుడని చివరికి పేరు తెచ్చుకున్నది లోగీయే. జోన్స్ కోసం 14,000 ఇచ్చి తయారుచేసుకున్న పాత్ర, ఏడేళ్లు చిన్నవాడైన మరొకడికి వెళ్లింది.

ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌కి, అంటే జోన్స్ లాంటి స్థానంలో ఆడేవాడికి, ఇరవై ఏడు నుంచి ముప్ఫై రెండు దాకా పండిన కాలం. కాళ్లలో వేగం ఇంకా ఉంటుంది, బుర్రలో ఆట అప్పటికి బాగా ఇంకి ఉంటుంది. జోన్స్ దగ్గర్నుంచి యుద్ధం సరిగ్గా ఆ ముక్కనే కోసుకుపోయింది.

తిరిగొచ్చాక

1945లో యుద్ధం ముగిసినా సైనికుల్ని ఒక్కసారిగా వదల్లేదు. వయసు, సర్వీసు లెక్కగట్టి విడతలవారీగా ఇళ్లకి పంపారు. లీగ్ మామూలు పద్ధతిలో మొదలవడానికి మరో ఏడాది పట్టింది. 1946-47 సీజన్‌కి ఫుట్‌బాల్ లీగ్ కొత్త షెడ్యూలు వెయ్యలేదు, 1939-40ది తీసి దుమ్ము దులిపి వాడింది. దాంతో ఆర్సెనల్ మళ్లీ మొదటి మ్యాచ్‌కి మోలినోకే వెళ్లింది. ఈసారి 6-1తో చిత్తుగా ఓడింది. షెడ్యూలు అదే, మనుషులే ఏడేళ్లు ముదిరారు.

జోన్స్ ఆ సీజన్‌లో 26 మ్యాచ్‌లు ఆడాడు. ఆర్సెనల్ పదమూడో స్థానానికి జారింది. మరుసటి ఏడు జట్టు లేచి ఛాంపియన్ అయింది గానీ, జోన్స్‌కి దక్కినవి ఏడే మ్యాచ్‌లు, పతకానికి సరిపోవు. విచిత్రమేమిటంటే ఆ ఛాంపియన్ జట్టు కుర్రాళ్లది కాదు. కెప్టెన్ జో మెర్సర్‌కి ముప్ఫై మూడు. 33 గోల్స్ కొట్టిన రానీ రూక్‌కి ముప్ఫై ఆరు, జోన్స్ కంటే పెద్దవాడు. కాబట్టి వయసొక్కటే కారణమని చెప్పి చేతులు దులుపుకోలేం. మెర్సర్ వెనకుండి అడ్డుకునే ఆట ఆడాడు, రూక్ గోల్ ముందు బాక్స్‌లో నిలబడి బలంగా కొట్టే ఆట ఆడాడు. రెండూ ముదిరిన కాళ్లతో నెట్టుకురాగల పనులు. మలుపు తిరిగి, ఇద్దర్ని తప్పించుకుని, మెరుపులా పాస్ ఇచ్చే ఆట జోన్స్‌ది. అలాంటి ఆటకి ముందుగా కావాల్సింది కాళ్ల చురుకు, ఏళ్లు మీదపడితే మొదట తగ్గేదీ అదే.

ధర సంగతి కూడా ఒకటుంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. జోన్స్ 14,000 పౌండ్ల రికార్డు తొమ్మిదేళ్లు నిలిచింది. 1947లో డెర్బీ కౌంటీ బిల్లీ స్టీల్‌ని 15,500కి కొన్నాక గానీ అది చెరగలేదు. వినడానికి గొప్పగా ఉన్నా, ఆ తొమ్మిదేళ్లలో ఏడేళ్లు సంతే నడవలేదు. మామూలు రోజులైతే రెండు మూడేళ్లలో ఇంకెవరో అంతకన్నా ఎక్కువకి అమ్ముడుపోయేవారు, జనం నోళ్లు అటు తిరిగేవి. 1928లో 10,890 పౌండ్లకి వచ్చిన డేవిడ్ జాక్ కూడా ఆ పేరు పదేళ్లు మోశాడు, కానీ మోస్తూ కప్పులు గెలిచాడు. జోన్స్ గెలవడానికి పోటీలు లేవు, దించుకోవడానికి కొత్త రికార్డూ రాలేదు. యుద్ధం అతని ఆటని ఆపేసి, ధరని మాత్రం అలాగే ఉంచింది.

1949లో నార్విచ్ సిటీకి ఆటగాడు-కోచ్‌గా వెళ్లాడు. 23 లీగ్ మ్యాచ్‌ల తర్వాత, 1951లో డాక్టర్ల సలహా మీద ఆట మానేశాడు. ఉత్తర లండన్‌లో, ఆర్సెనల్ మైదానానికి ఎంతో దూరం లేనిచోట, పేపర్ల దుకాణం నడిపాడు. 1985లో డెబ్భై మూడేళ్ల వయసులో చనిపోయాడు.

ఇంతకీ ఆ జరగని సీజన్లు జరిగి ఉంటే ఏమయ్యేది? ఊహాగానమే, కానీ పక్కన పెట్టి చూసుకోవడానికి అదే కుటుంబంలో ఒక ఉదాహరణ ఉంది. అన్న ఐవర్ కొడుకు క్లిఫ్ జోన్స్, వేల్స్ వింగర్, 1958 ఫిబ్రవరిలో 35,000 పౌండ్లకి స్వాన్సీ నుంచి టాటెన్‌హామ్‌కి వచ్చాడు. అప్పటికి వింగర్‌కి అదే రికార్డు ధర. అప్పుడు శాంతికాలపు నిర్బంధ సైనిక సేవలో ఉన్నాడు, బాబాయి లాగే ఫిరంగి దళం, కాకపోతే లండన్‌లోని గుర్రాల విభాగం. మొదట్లో ఆట అంతంత మాత్రం. ఆ వేసవిలో శిక్షణలో కాలు విరిగి నెలల తరబడి ఆడలేదు. లీగ్ మాత్రం ఆగలేదు, శనివారం తర్వాత శనివారం వస్తూనే ఉంది. 1961 మేలో లీగ్, ఎఫ్.ఎ. కప్ రెండూ ఒకే సీజన్‌లో గెలిచిన టాటెన్‌హామ్ జట్టుకి క్లిఫ్ ఎడమవైపు వింగర్. వచ్చిన రోజు నుంచి ఆ రోజుకి మూడేళ్ల మూడు నెలలు. బ్రిన్‌కి ఆర్సెనల్‌లో యుద్ధానికి ముందు దొరికింది పదమూడు నెలలు.